వెయ్యిలో ఏడు కణాలు

వాదించుకున్న ఇద్దరూ మా ఇంటివాళ్ళే. మామయ్య ప్రభుత్వాసుపత్రిలో కేన్సర్ వార్డు చూసి రిటైరైన డాక్టరు. మా చెల్లెలు భారతి హైదరాబాద్ శివారులో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో లైపోసోముల మీద, లిపిడ్ నానోకణాల మీద పనిచేస్తుంది. మేనమామా మేనకోడలూ ఒకరిని విడిచి ఒకరు ఉండలేరు, ఒక మాట మీద నిలవనూ లేరు. ఆ ఆదివారం పేపర్లో, కేన్సర్ గడ్డను వెతికి కొట్టే నానో బాణం వచ్చేసిందంటూ ఒక వార్త పడింది. మామయ్య ఆ పేజీ మడిచి పక్కన పడేసిన తీరుకే భారతికి ఒళ్ళు మండింది. విన్నది రాశాను. సందు దొరికినచోట నా మాట కూడా దూర్చాను.

మామయ్య: ఈ బాణం కబురు ఎన్నేళ్ళుగానో వింటున్నానమ్మా. బాణాలు వేస్తూనే ఉన్నారు. గడ్డ మాత్రం ఉన్నచోటే ఉంది.

భారతి: పేపరువాడు రాసినదానికి నన్ను తిడితే ఎలా మామయ్యా? బాణం అని మేమెవరమూ అనం.

మామయ్య: అనరూ? గ్రాంటు కోసం రాసే కాగితాల్లో అదే కదా మొదటి వాక్యం. సరే, ఒక్కటి చెప్పు. నరంలోకి ఎక్కించిన నానోకణాల్లో గడ్డకు చేరేవి ఎన్ని?

భారతి: మీకు తెలిసే అడుగుతున్నారు.

మామయ్య: తెలిసే అడుగుతున్నా. నీ నోటితో వినాలని.

భారతి: టొరంటోలో వారెన్ చాన్ బృందం అంతకుముందు పదేళ్ళలో వచ్చిన పరిశోధనలన్నీ పోగేసి 2016లో లెక్క తేల్చింది. మధ్యస్థంగా 0.7 శాతం.

మామయ్య: వెయ్యి ఎక్కిస్తే ఏడు. అదీ ఎలుకల్లో. మిగతా తొమ్మిదివందల తొంభైమూడు ఎక్కడికి పోయాయో అది కూడా చెప్పు.

భారతి: ఎక్కువ భాగం కాలేయానికి, కొంత ప్లీహానికి. రక్తంలో కొత్త కణం ఏది కనపడినా పట్టి మింగడానికే కాలేయంలో కుప్ఫర్ కణాలు కాపు కాస్తుంటాయి. వాటి పని అవి చేశాయి.

మామయ్య: మరి ఇంతకాలం మీరు నమ్ముకున్న ఆ సిద్ధాంతం సంగతేంటి?

(ఆ సిద్ధాంతం తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. 1986లో జపాన్‌లోని కుమమోటోలో మట్సుమురా, మయేదా అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక సంగతి గమనించారు. గడ్డలోని రక్తనాళాలు హడావుడిగా పుట్టుకొచ్చినవి, వాటి గోడలు సరిగా అతుక్కుని ఉండవు. ఆ సందుల్లోంచి పెద్ద అణువులు బయటికి కారతాయి, వాటిని తిరిగి తోడేసే లింఫు ఏర్పాటు గడ్డలో ఉండదు కాబట్టి అక్కడే నిలిచిపోతాయి. ఆరోగ్యంగా ఉన్న నాళాల్లో ఈ సందులు ఉండవు. అంటే, తగిన సైజు కణం చేసి రక్తంలో వదిలితే చాలు, దానంతటదే గడ్డలో దిగుతుంది. ముప్పయ్యేళ్ళపాటు కేన్సర్ నానో పరిశోధనంతా ఈ ఒక్క ఆశ మీద నడిచింది.)

భారతి: సిద్ధాంతం అబద్ధం కాదు. ఎలుకలో బాగా కనపడేది మనిషిలో అంతగా కనపడలేదు.

మామయ్య: ఎందుకు కనపడుతుంది? ఇరవై గ్రాముల ఎలుకకు రెండు మూడు వారాల్లో గ్రామున్నర గడ్డ పెంచుతారు. అరవై కిలోల మనిషికి లెక్కేస్తే నాలుగున్నర కిలోల గడ్డ! అలాంటి గడ్డతో నా దగ్గరికి ఎవరూ నడిచి రాలేదు. మనిషిలో గడ్డ ఏళ్ళ తరబడి మెల్లగా పెరుగుతుంది. దాని నాళాలు వేరు, లోపలి ఒత్తిడి వేరు. ఒకే రోగిలో ఊపిరితిత్తుల్లో ఉన్న గడ్డ ఒకలా ఉంటుంది, కాలేయంలో ఉన్న గడ్డ ఇంకోలా ఉంటుంది. అన్నిట్లోనూ సందులున్నాయని ఎలా అనుకున్నారు?

భారతి: చాన్ ల్యాబ్‌వాళ్ళే 2020లో ఇంకో దెబ్బ కొట్టారు. గడ్డలోకి వెళ్ళే నానోకణాల్లో 97 శాతం దాకా సందుల్లోంచి పోవడంలేదు, నాళం గోడలోని జీవకణాలే వాటిని పట్టుకుని లోపలికి దాటిస్తున్నాయి అన్నారు. అలాగైతే మేం తవ్వాల్సిన చోటే మారుతుంది. ఆ దాటించే పనిని ఎలా పెంచాలన్నది ఇప్పటి ప్రశ్న.

మామయ్య: ఇప్పటి ప్రశ్న! బోస్టన్ దగ్గర బైండ్ థెరప్యూటిక్స్ అని కంపెనీ పెట్టారు గుర్తుందా? లాంగర్ అంతటి శాస్త్రవేత్త వెనక ఉన్నాడు. గడ్డను గుర్తుపట్టే కణాలన్నారు, పెద్దపెద్ద కంపెనీలు డబ్బు పోశాయి. 2016లో దివాలా పిటిషన్ వేసింది. మిగిలిన సామాను ఫైజర్ కొనుక్కుంది.

భారతి: కంపెనీ దివాలా తీస్తే సైన్స్ దివాలా తీసినట్టు కాదు.

మామయ్య: కాదు. కానీ రోగి ఎదురుచూసిన ఏళ్ళు ఎవరిస్తారు?

ఇక్కడ భారతి కాఫీ కలపడానికి లేచింది. వెనక్కి తగ్గిందనుకున్నాను, కాదు. గ్లాసులు బల్లమీద పెడుతూనే దారి మార్చింది.

భారతి: మీరు గడ్డనే చూస్తున్నారు మామయ్యా. నానో మందు సంపాదించిపెట్టింది గడ్డ దగ్గర కాదు, గుండె దగ్గర. డాక్సోరుబిసిన్ సంగతి మీరే చెప్పండి.

మామయ్య: ఎర్రటి మందు. ఎక్కించాక మూత్రం కూడా ఎర్రగా వస్తుంది. ముందే చెప్పకపోతే రక్తం పోతోందనుకుని రోగి హడలిపోతాడు. గడ్డ మీద గట్టిగా పనిచేస్తుంది, గుండె కండరాన్నీ అంత గట్టిగానే తింటుంది. అందుకే జన్మకు ఇంతే అని కొలత పెట్టుకుంటాం. ఒంటి వైశాల్యం చదరపు మీటరుకు 450 నుంచి 550 మిల్లీగ్రాములు, ఆపైన ఎక్కించడానికి చెయ్యి రాదు.

భారతి: ఆ మందునే జెరూసలెంలో బారెన్‌హోల్జ్, గాబిజోన్ లైపోసోములో పెట్టారు. వంద నానోమీటర్లు కూడా ఉండని కొవ్వు పొర బుడగ. దాన్ని నింపే పద్ధతి చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. ముందు బుడగ లోపల అమ్మోనియం సల్ఫేట్ ద్రావణం ఉంచుతారు. తర్వాత బయట మందు కలుపుతారు. మందు పొర దాటి లోపలికి పోతుంది, లోపల సల్ఫేటుతో కలిసి పుల్లలా గడ్డకడుతుంది, ఇక బయటికి రాలేదు. ఒక్కో బుడగలో పదివేలకు పైగా అణువులు పడతాయి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఫొటోలో అచ్చం కాఫీ గింజే, మధ్య గీతతో సహా. బుడగకు పైన పీఈజీ అనే పాలిమర్ తొడుగు వేస్తే కాలేయం త్వరగా పసిగట్టదు, రోజుల తరబడి రక్తంలో తిరుగుతుంది. గుండె నాళాల గోడలు బిగుతుగా ఉంటాయి కాబట్టి అక్కడ దిగదు. అదే డాక్సిల్. 1995లో అమెరికా అనుమతి. మొదటి నానో మందు అంటే దాన్నే చెబుతారు.

మామయ్య: ఫలితం?

భారతి: రొమ్ము కేన్సర్ ముదిరిన ఐదువందల మందికి పైగా స్త్రీల మీద చేసిన ట్రయల్ 2004లో అచ్చయింది. గుండె దెబ్బతిన్నవాళ్ళు మామూలు మందు తీసుకున్నవాళ్ళలో 48 మంది, డాక్సిల్ తీసుకున్నవాళ్ళలో 10 మంది.

మామయ్య: ఆయుష్షు?

భారతి: సమానమే. ఇటు 21 నెలలు, అటు 22.

మామయ్య: చూశావా. బాణం తగిలుంటే ఆయుష్షు పెరగాలి.

భారతి: ఆయుష్షు తగ్గకుండా గుండె మిగలడం మీకు లెక్కలోకి రాదా?

మామయ్య: వస్తుంది. రాదని ఎలా అంటాను? కానీ నా లెక్కలో చేతులు కూడా ఉన్నాయి. సిరిసిల్ల వైపు నుంచి ఒకావిడ వచ్చేది, బీడీలు చుట్టి బతికే మనిషి. గుండె బలహీనంగా ఉంటే, ఎలాగో తంటాలుపడి లైపోసోము మందు తెప్పించాం. రెండో డోసుకల్లా అరచేతులు ఎర్రబడ్డాయి, మూడోదానికి పొర లేచిపోయింది. మీ కణం రక్తంలో రోజుల తరబడి తిరుగుతుందన్నావే, తిరిగి తిరిగి రాపిడి ఉన్నచోట చర్మంలో దిగుతుంది. అరచేతులు, అరికాళ్ళు. తునికాకు తడిపి, కత్తెరతో కోసి, తంబాకు పోసి చుట్టి దారం కట్టాలి. వేళ్ళు మడవలేకపోయింది. "గుండె మంచిగనే ఉందంటున్నరు సారూ, చేతులే పనికిరాకుంట అయినయి" అంది. డోసు తగ్గించి, డోసుకూ డోసుకూ మధ్య వారాలు పెంచాం. మానింది. ఆ మధ్యకాలంలో ఇల్లెలా గడిచిందో ఏ ట్రయల్‌లోనూ రాయరు.

భారతి ఏమీ అనలేదు. నాకు తోచింది చెబుతాను. నానో మందుల మీద నేను చదివిన వ్యాసాలన్నీ సైడ్ ఎఫెక్టులు తగ్గాయంటాయి. తగ్గడంతోపాటు ఒక అవయవం నుంచి ఇంకో అవయవానికి మారడం కూడా ఉందన్నమాట. ఎవరి బతుకు ఏ అవయవం మీద నడుస్తోందో చూడకుండా లాభనష్టాలు తేల్చలేం. కేన్సర్‌లో వచ్చిన మిగతా నానో మందుల కథా దాదాపు ఇంతే. పాక్లిటాక్సెల్‌ను ఆల్బుమిన్ ప్రొటీనుకు కట్టి 2005లో అబ్రాక్సేన్ తెచ్చారు. పాత మందును కరిగించడానికి వాడే క్రెమోఫోర్ అనే నూనెలాంటి పదార్థంవల్ల వచ్చే ఎలర్జీ బాధ తప్పింది. క్లోమ కేన్సర్‌లో దాన్ని జెమ్‌సిటబిన్‌కు జోడిస్తే మధ్యస్థ ఆయుష్షు 6.7 నెలల నుంచి 8.5 నెలలకు పెరిగింది. రెండు నెలలు కూడా కాదని మామయ్య, ఆ జబ్బులో రెండు నెలలంటే తక్కువా అని భారతి. అక్కడ కాసేపు గొంతులు లేచాయి, అదంతా రాయను.

భారతి: అసలు పరిశోధన ఎటు మళ్ళిందో మీరు చూడట్లేదు. కణాలు కాలేయానికే పోతాయి అన్నారుగా? అలాగే పోనీ! కాలేయం జబ్బులకే మందు చేద్దాం అనుకున్నవాళ్ళు గెలిచారు. ఆల్‌నైలమ్ కంపెనీ పాటిసిరాన్, 2018 ఆగస్టులో అనుమతి వచ్చింది. వంశపారంపర్యంగా వచ్చే అమైలాయిడోసిస్‌లో కాలేయం ఒక చెడ్డ ప్రొటీన్ తయారుచేసి నరాలను పాడుచేస్తుంది. ఆ ప్రొటీన్ ఆదేశాన్ని ఆపేసే చిన్న ఆర్ఎన్ఏ ముక్కను లిపిడ్ నానోకణంలో పెట్టి పంపారు. కణం రక్తంలో దిగగానే ఏపో-ఈ అనే ప్రొటీన్ దానికి అంటుకుంటుంది. దాన్ని చూసి కాలేయ కణాలే లోపలికి లాక్కుంటాయి. మేం గురి చూసి కొట్టక్కర్లేదు.

మామయ్య: ఖరీదెంత?

భారతి: వచ్చినప్పుడు ఏడాదికి దాదాపు నాలుగున్నర లక్షల డాలర్లు, జాబితా ధర.

మామయ్య: ఇంకేం, మన మండలానికో రోగికి పెట్టించొచ్చు.

భారతి: వెటకారం ఆపండి. ఆ కణమే లేకపోతే కోవిడ్ టీకా లేదు. ఫైజర్, మోడెర్నా టీకాల్లో ఎంఆర్ఎన్ఏ గురించే అందరూ మాట్లాడారు. కరికో, వైస్‌మన్‌లకు 2023లో నోబెల్ వచ్చింది, రావలసిందే. కానీ ఆ ఎంఆర్ఎన్ఏని ఉత్తినే ఒంట్లోకి పంపితే నిమిషాల్లో ముక్కలైపోతుంది. దాన్ని మోసింది నాలుగు రకాల లిపిడ్లు కలిసిన కణం. కొలెస్ట్రాల్, ఒక ఫాస్ఫోలిపిడ్, పీఈజీ తగిలించిన లిపిడ్ ఒకటి, నాలుగోది అసలైన కీలకం. అది రక్తంలో ఉన్నంతసేపూ ఏ ఆవేశమూ లేకుండా ఉంటుంది, జీవకణం లోపలి సంచిలో పులుపు తగలగానే ధనావేశం తెచ్చుకుని సంచి గోడను చీలుస్తుంది. అప్పుడు ఆర్ఎన్ఏ బయటపడుతుంది. వాంకూవర్‌లో పీటర్ కల్లిస్ లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి ఆ ఒక్క లిపిడ్ మీద కూచున్నారు.

మామయ్య: బయటపడేది ఎంత?

భారతి: మీరు వదలరుగా. 2013లో కొలిచినవాళ్ళు ఒకటి రెండు శాతం అన్నారు.

మామయ్య: ఇక్కడ కూడా వందకు రెండు!

భారతి: ఆ రెండే చాలు మామయ్యా, అదే కదా తమాషా. కీమో మందు గడ్డంతా తడపాలి. ఆర్ఎన్ఏ ఒక్కటి లోపలపడితే దాన్ని చూసి జీవకణం వేలకొద్దీ ప్రొటీన్లు చేసిపెడుతుంది. తక్కువ చేరినా పనయ్యే సరుకును ఎంచుకోవడమే ఈ పదేళ్ళలో వచ్చిన మార్పు. గురి మెరుగవలేదు, మోసుకెళ్ళే సరుకు మారింది.

నేను కలం ఆపి వాక్యం మళ్ళీ చెప్పమన్నది ఇక్కడొక్కచోటే. పరిశోధన పోకడల గురించి ఎన్ని నివేదికలు తిరగేసినా ఇంత తేటగా ఎవరూ చెప్పలేదు నాకు.

భారతి: ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రి కబురు విన్నారా, 2025లో? సీపీఎస్1 అనే ఎంజైము లేకుండా పుట్టిన పసివాడు. ప్రొటీన్ తింటే ఒంట్లో అమ్మోనియా పేరుకుని మెదడు దెబ్బతింటుంది. ఆ ఒక్క పిల్లవాడి జన్యువులో ఉన్న ఆ ఒక్క తప్పును దిద్దే సరంజామాను ఆరు నెలల్లో తయారుచేసి, లిపిడ్ కణంలో పెట్టి ఎక్కించారు. ఒకసారి కాదు, మూడు డోసులు. వైరస్‌లో పెట్టి పంపితే రెండోసారి ఎక్కించడం కష్టం, ఒళ్ళు దాన్ని గుర్తుపట్టి తిరగబడుతుంది. లిపిడ్ కణానికి ఆ ఇబ్బంది చాలా తక్కువ. ఆ బృందానికి ముందున్న ఇద్దరిలో ఒకరు కిరణ్ ముసునూరు.

మామయ్య: ముసునూరంటే మన కృష్ణా జిల్లా ఊరేగా?

భారతి: ఇప్పుడు ఏలూరు జిల్లా.

మామయ్య: ఏ జిల్లా అయితేనేం. సంతోషమే. కానీ అదే ఏడాది అక్టోబర్‌లో ఇంటెలియా కంపెనీ తన ట్రయల్స్ ఎందుకు ఆపిందో కూడా చెప్పు మీ అన్నకి. అదే లిపిడ్ కణం, అదే జన్యువు దిద్దుడు, నువ్వు చెప్పిన అమైలాయిడోసిస్సే. ఒక రోగికి కాలేయం బాగా దెబ్బతింది. తర్వాత ఆయన చనిపోయాడు. అన్నీ కాలేయానికే పోతాయి, మంచిదే అన్నావే, పోయినచోట ఏం చేస్తాయో చూడాలిగా. పీఈజీకి మన ఒంట్లో యాంటీబాడీలు పుడతాయని నువ్వే ఒకసారి చెప్పావు. ఆ తొడుగున్న ఏ మందు రెండోసారి ఎక్కించినా రక్తంలోంచి తొందరగా తుడిచిపెట్టుకుపోవచ్చు, కొందరికి ఎలర్జీ రావచ్చు. 2008లో కార్బన్ నానోట్యూబులు ఎలుక పొట్టపొరలో పెడితే పొడుగువి ఆస్‌బెస్టాస్ చేసే పనే చేశాయని రాశారు. చిన్నదైనంత మాత్రాన సాధువు అయిపోదు.

భారతి: ఆ నానోట్యూబులు ఒంట్లో కరగవు. మా లిపిడ్లు కరుగుతాయి. రెంటినీ ఒక గాట కట్టకండి.

ఈ వేడి కాస్త చల్లారుతుందని, మన స్వర్ణభస్మంలో కూడా నానో సైజు బంగారు కణాలున్నాయటగా, మనవాళ్ళు ఈ విద్య ఎప్పుడో కనిపెట్టారంటారే అన్నాను. ఇద్దరూ ఒక్కసారే నా మీద పడ్డారు. పొడి నూరితే సైజు తగ్గుతుంది, సైజు తగ్గితే మందైపోదు, ఏ డోసులో ఏ జబ్బుకు ఎంతమందికి తగ్గిందో లెక్క చూపించమన్నారు. ఆ పూటకు ఇద్దరూ కలిసి ఒప్పుకున్న సంగతి బహుశా అదొక్కటే.

మామయ్య: సరే, ఖరీదు సంగతికొద్దాం. 2021 మే నెల. బ్లాక్ ఫంగస్. కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిని దానికోసమే కేటాయించారు. నాకు తెలిసినవాళ్ళు, తెలియనివాళ్ళు, అందరి ఫోన్లూ ఒకటే మాట: డాక్టరుగారూ, యాంఫోటెరిసిన్ ఎక్కడైనా ఉందా? మామూలు యాంఫోటెరిసిన్ కాదు, లైపోసోముల్లో ఉన్నది. కిలోకు 5 మిల్లీగ్రాములు రోజుకు. అరవై కిలోల మనిషికి 300, అంటే 50 మిల్లీగ్రాముల వయల్స్ ఆరు. రెండు వారాలకు 84, మూడు వారాలకు 126. వయల్ ఏడు వేల దాకా పలికింది, బ్లాకులో ఇంకా ఎక్కువ. రూపాయల్లో నువ్వే వేసుకో. పొలం కాగితాలు చేతిలో పట్టుకుని ఆసుపత్రి మెట్ల మీద కూచున్నవాళ్ళను చూశాను. పన్ను తీసేశారు జూన్‌లో, లైసెన్సులు ఇచ్చారు, మన హైదరాబాద్ కంపెనీలూ చేశాయి. కన్ను తీసేయాల్సిన వాళ్ళకు అప్పటికే తీసేశారు. అంత అవసరమైన సమయంలో అందని మందును గొప్ప మందని ఎలా అనమంటావు?

భారతి: అందకపోవడం మందు తప్పా? పాత యాంఫోటెరిసిన్ ఎందుకు అడగలేదు వాళ్ళంతా? మూత్రపిండాలను పాడుచేస్తుంది కాబట్టి. చలిజ్వరంతో మనిషి మంచం మీద ఎగిరెగిరి పడతాడు కాబట్టి. షుగరుతో, స్టెరాయిడ్లతో అప్పటికే నలిగిపోయిన రోగికి దాన్ని వారాల తరబడి ఎక్కించగలరా మీరు? అదే మందు లైపోసోములో పెడితే తట్టుకున్నారు. ఎందుకు దొరకలేదో చెబుతాను. ఇది మాత్ర కొట్టినంత తేలిక కాదు. బుడగలన్నీ ఒకే సైజులో రావాలి. చివర్లో ఆటోక్లేవులో పెట్టి క్రిములను చంపలేం, వేడికి బుడగ చెదురుతుంది. అందుకని 0.22 మైక్రాన్ల ఫిల్టరులోంచి వడగట్టాలి, అంటే ముందే అన్నీ అంతకన్నా చిన్నగా ఉండాలి. ఇంజెక్షన్‌కు పనికొచ్చేంత శుద్ధంగా ఆ లిపిడ్లు చేసే కంపెనీలు ప్రపంచంలోనే కొన్ని. ఒకేసారి దేశమంతా అడిగితే ఎక్కడినుంచి తెస్తారు?

మామయ్య: అందుకే అంటున్నా. అంత చిక్కుగా తయారయ్యే వస్తువు మీద బీదవాడి ప్రాణం పెట్టకూడదు.

భారతి: పెట్టారు మామయ్యా, బీహార్‌లో పెట్టారు, నిలబడింది. కాలా అజార్ అనే జబ్బు. దానికి కూడా ఈ మందే. పాత పద్ధతిలో రోజు విడిచి రోజు పదిహేను ఇంజెక్షన్లు, నెల రోజులు ఆసుపత్రిలో. కూలిమనిషి నెల రోజులు పడుకుంటే ఇల్లు ఏమవుతుంది? బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో డాక్టర్ శ్యాంసుందర్ ముజఫర్‌పూర్ రోగులకు లైపోసోము మందు కిలోకు 10 మిల్లీగ్రాములు ఒక్క డోసు, ఒక్కటే, ఎక్కించి 2010లో ఫలితం అచ్చువేశారు. నయమైనవాళ్ళు 95.7 శాతం. పదిహేను డోసుల పద్ధతిలో 96.3. తేడా లేనట్టే, మనిషి మర్నాడు ఇంటికి పోవచ్చు. ఆ మందు చేసే కంపెనీ ప్రపంచ ఆరోగ్య సంస్థకు ముందు రాయితీ ధరకు, తర్వాత ఉచితంగా ఇచ్చింది. 2014 నుంచి జాతీయ కార్యక్రమంలో అదే వాడారు. ఏడాదికి వేలల్లో ఉన్న కేసులు వందల్లోకి దిగాయి. అదే బుడగ, అదే ఫిల్టరు. ఒకచోట కొనడానికి ముందే ఏర్పాటు ఉంది, ఇంకోచోట లేదు.

మామయ్య కాసేపు గ్లాసు తిప్పుతూ ఉండిపోయాడు. నా మొగ్గు భారతి వైపు పడింది ఇక్కడే, దాచడం ఎందుకు. ఒకే మందు కథను ఇద్దరూ తమ వాదానికి సాక్ష్యంగా తెచ్చారు. బీహార్ కథ ముందు కోఠి కథ నిలబడలేదని కాదు. రెండూ నిజమే. కానీ కోఠి కథలో దోషి లైపోసోము కాదు.

మామయ్య: దానం మీద నడిచే కార్యక్రమం ఎన్నాళ్ళమ్మా? వాళ్ళు ఇవ్వమంటే?

భారతి: మనమే చేసుకోవాలి. చేసుకోగలం కూడా. 2011లో అమెరికాలో డాక్సిల్ కరువొచ్చింది. అప్పుడు అక్కడివాళ్ళు మన సన్ ఫార్మా లైపోడాక్స్‌ను 2012లో తాత్కాలికంగా దిగుమతికి ఒప్పుకున్నారు, 2013లో జనరిక్‌గా అనుమతే ఇచ్చారు. డాక్సిల్‌కు అమెరికాలో మొదటి జనరిక్ మనదే. ఎంఆర్ఎన్ఏ టీకా పుణేలో జెనోవా చేసింది, 2022 జూన్‌లో అత్యవసర అనుమతి. అప్పటి ఫైజర్ టీకాలా సున్నాకు డెబ్బై డిగ్రీల కింద పెట్టక్కర్లేదు, పొడిగా ఆరబెట్టింది, మామూలు ఫ్రిజ్‌లో రెండు నుంచి ఎనిమిది డిగ్రీల్లో ఉంటుంది. అదే ఏడాది మన సీసీఎంబీలో కూడా సొంతంగా ఎంఆర్ఎన్ఏ టీకా పరిజ్ఞానం తయారుచేసి చూపించారు. అటు అమెరికాలో 2025 ఆగస్టులో ప్రభుత్వమే ఎంఆర్ఎన్ఏ టీకాల ప్రాజెక్టులు ఇరవై రెండు ఆపేసింది, దాదాపు 50 కోట్ల డాలర్ల పని. వాళ్ళు వెనక్కి తగ్గినప్పుడైనా మనం ముందుకు పోవద్దా?

మామయ్య: పోయి ఏం చేస్తారు? మళ్ళీ బాణాలేనా?

భారతి: కాలేయం దాటడం. అదే ఇప్పుడు అందరి తలనొప్పీ. డల్లాస్‌లో సీగ్‌వర్ట్ బృందం 2020లో ఐదో లిపిడ్ ఒకటి కలిపి, దాని ఆవేశం మారుస్తూ పోతే ఎలుకల్లో కణాలు ఊపిరితిత్తులకో ప్లీహానికో మళ్ళుతున్నాయని చూపించింది. ఇంకోటి, కార్-టి. ఇప్పుడు రోగి టీ కణాలు బయటికి తీసి, మార్చి, పెంచి తిరిగి ఎక్కిస్తారు, లక్షల్లో ఖర్చు. ఆ మార్పు చేసే ఆర్ఎన్ఏని లిపిడ్ కణంలో పెట్టి ఒంట్లోనే టీ కణాలకు అందిస్తే? కోతుల్లో పనిచేసింది, మనుషుల్లో మొదలైంది. మెలనోమాకు రోగి గడ్డను బట్టి కుట్టిన టీకా, మోడెర్నా, మెర్క్‌లది, ఇమ్యునోథెరపీకి జోడిస్తే జబ్బు తిరగబెట్టడమో మరణమో 44 శాతం తగ్గిందని రెండో దశ ట్రయల్‌లో తేలింది.

మామయ్య: కోతులు, రెండో దశ. నేను పీహెచ్‌సీ గురించి అడుగుతున్నాను.

భారతి: పీహెచ్‌సీకే వస్తున్నా. గర్భిణికి రక్తం తక్కువుంటే ఏం ఎక్కిస్తున్నారు?

మామయ్య: ఐరన్ సుక్రోజ్. ఈమధ్య ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్.

భారతి: అవేంటి మరి? ఇనుము గుళికకు చక్కెరల తొడుగు చుట్టిన నానోకణాలు. విడి ఇనుము నరంలోకి పంపితే విషం. తొడుగుంటే మెల్లగా వదులుతుంది. ఐరన్ సుక్రోజ్ ఒక విడతకు 200 మిల్లీగ్రాములు, వెయ్యి కావాలంటే ఐదుసార్లు రావాలి. కార్బాక్సీమాల్టోజ్ అయితే వెయ్యీ పదిహేను నిమిషాల్లో, ఒక్కసారే. ఆటోకు డబ్బులు, పనికి నాగా, ఇంట్లో పెద్దపిల్లను ఎవరి దగ్గర వదలాలి, ఐదుసార్లూ ఇదే గోల. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6. మీ బీడీల ఆవిడ కూతురు కూడా ఆ లెక్కలో ఉండే ఉంటుంది. ఇది మీ కంటికి నానో వైద్యంగా ఎందుకు ఆనదు?

మామయ్య: ఆనుతుంది. ఆ సీసా మీద మీ పరిశోధనవాళ్ళు ఎవరైనా గొప్పలు చెప్పుకోగా విన్నావా? దానికి పేపర్లో బాణం బొమ్మ వెయ్యరు. కొత్త పేటెంటుకు పనికిరాదు కాబట్టి మీకది ముచ్చట కాదు. పైగా కార్బాక్సీమాల్టోజ్‌తో కొందరికి రక్తంలో ఫాస్ఫేట్ పడిపోతుంది, దాన్ని ఎవరు కొలుస్తున్నారు పీహెచ్‌సీలో? నీ దేశానికి ఇప్పుడు కావలసిన నానో పరిశోధన అది. ఉన్న కణాన్ని చౌకగా, ఎండల్లో చెడిపోకుండా, ఏఎన్ఎం చేతిలో పెట్టేంత భద్రంగా చెయ్యడం. కార్-టి వద్దనను. కానీ ప్రభుత్వం పెట్టే ప్రతి పది రూపాయల్లో ఎనిమిది ఇటు పెట్టమంటాను.

భారతి: ఎనిమిది ఇటు పెడితే కార్-టి మళ్ళీ వాళ్ళ దగ్గరే కొంటాం, లక్షల డాలర్లకు. అప్పుడు ఇలాగే కూచుని ఖరీదెంత అని నన్నే అడుగుతారు.

మామయ్య: సగం సగం అనమంటావు.

భారతి: అననివ్వను. మీ వాటా తగ్గించండి అంటున్నాను.

బేరం అక్కడే ఆగింది. మన దేశంలో నానో మందుల పరీక్షకు 2019లో మార్గదర్శకాలు వచ్చాయి, బయోటెక్నాలజీ విభాగం తెచ్చింది. మామూలు మందుకు అడిగే వివరాలతోపాటు కణం సైజు, పైపొర, ఒంట్లో ఎక్కడెక్కడ పేరుకుంటుంది, ఎన్నాళ్ళుంటుంది అన్నీ చూపించాలి. భారతి ఆ సంగతి ఎత్తగానే మామయ్య కుర్చీ ముందుకు జరిపాడు. రిటైరయ్యాక ఒక ఆసుపత్రి ఎథిక్స్ కమిటీలో ఆయన సభ్యుడు.

మామయ్య: ఆ కాగితాలన్నీ అధికారులకు. రోగి సంతకం పెట్టే సమ్మతి పత్రం తెలుగులో రాస్తారుగా. రేపు నీ కణం ట్రయల్‌కు వస్తే అందులో ఏం రాస్తావు?

భారతి: కొవ్వుతో చేసిన బుడగలో మందు పెట్టి మీ నరంలోకి ఎక్కిస్తాం. గుండెకు హాని తగ్గవచ్చు. అరచేతులు, అరికాళ్ళు పొక్కవచ్చు, అప్పుడు మీరు చేసే పని కొన్ని వారాలు చెయ్యలేకపోవచ్చు.

మామయ్య: ఇంకా?

భారతి: ఎక్కించినదాంట్లో ఎక్కువ భాగం మీ కాలేయానికి పోతుంది. గడ్డకు చేరేది చాలా కొద్ది కావచ్చు.

మామయ్య: ఆ ఆఖరి వాక్యం మీ కంపెనీ ఉంచనిస్తుందా?

భారతి: తీసేస్తే కమిటీలో మీరున్నారుగా. సంతకం పెట్టకండి.